వేడి రావాలి, పొగ రాకూడదు

రోహిణి కార్తెలో ఒంగోలు, నెల్లూరు ఎండలు చవిచూసినవాళ్ళకి విమానంలో హీటర్ ఎందుకా అనిపిస్తుంది. కానీ పైకి వెళ్ళేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 2 డిగ్రీల వేడి తగ్గుతుంది. నెల్లూరులో 40 డిగ్రీలు మండుతున్న రోజున కూడా 12,000 అడుగుల ఎత్తులో 16 డిగ్రీల దగ్గరే ఉంటుంది. శీతదేశాల్లో అదే ఎత్తున వేళ్ళు కొంకర్లు పోతాయి.

జెట్ విమానాల్లో చాలావాటికి ఇంజన్ కంప్రెసర్ నుంచే వేడిగాలి దొరుకుతుంది. చిన్న విమానాలకు ఆ వసతి లేదు. ఒకే ఇంజన్ ఉన్నవాటిలో ఇంజన్ వేడి పొగ పోయే సైలెన్సర్ చుట్టూ ఒక రేకు తొడుగు బిగిస్తారు. బయటి గాలి ఆ సందులోంచి పోతూ వేడెక్కి క్యాబిన్‌లోకి వస్తుంది. కొన్ని రెండింజన్ల విమానాల్లో విడిగా ఒక చిన్న మంట గది ఉంటుంది. ట్యాంకులోని పెట్రోలే అందులోనూ మండుతుంది.

కొండపి, టంగుటూరు వైపు పొగాకు రైతులకి ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది. ఆకు ఆరబెట్టే గదికి, అంటే బ్యారన్‌కి, పొయ్యి మంట బయట ఉంటుంది, పొగ రేకు గొట్టాల్లో లోపలంతా తిరిగి బయటికి పోతుంది. ఆకుకు తగలాల్సింది వేడి ఒక్కటే. గొట్టానికి చిల్లు పడితే ఆకు పొగచూరి పాడవుతుంది. విమానంలో ఆ ఆకు ఉండే చోట మనుషులుంటారు.

అందుకే హీటర్ కొత్తగా బిగించినా, ఓవర్‌హాలింగ్ చేసి మళ్ళీ పెట్టినా, వేడిగాలి వస్తోందని చూసి సంతకం పెట్టేస్తే కుదరదు. చిల్లు పడిన హీటర్ కూడా బ్రహ్మాండంగా వేడినిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. ఎత్తులో ఆక్సిజన్ ఎలాగూ పలచనే కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. 2019 జనవరిలో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా ప్రయాణిస్తున్న ఒకే ఇంజన్ విమానం ఇంగ్లిష్ చానల్‌లో కూలిపోయింది. అతని హిమోగ్లోబిన్‌లో 58 శాతాన్ని ఈ వాయువే ఆక్రమించుకుందని పరీక్షల్లో తేలింది.

సైలెన్సర్ పరీక్ష ఖర్చుతో కూడినది కాదు, ఓపికతో కూడినది. ముందు రేకు తొడుగు పూర్తిగా విప్పాలి. తొడుగు ఉండగా పైపైన టార్చ్ కొట్టి చూస్తే ఏమీ కనపడదు. తర్వాత పొగ గొట్టంలోకి తక్కువ ఒత్తిడితో గాలి పంపి, అతుకుల మీద సబ్బునీళ్ళు పూస్తారు. వెల్డింగ్ గీత పక్కన ఆవగింజంత బుడగ లేచి, పగిలి, మళ్ళీ అక్కడే లేస్తే పగులు దొరికినట్టే. చల్లగా ఉన్నప్పుడు వెంట్రుకంత ఉన్న పగులు ఇంజన్ వేడికి విచ్చుకుంటుంది. కాబట్టి చిన్నదే కదా అని వదలకూడదు.

మంట గది ఉన్న హీటర్‌కి రంధ్రాలన్నీ మూసి లోపలికి గాలి నింపుతారు. గేజి ముల్లు ఎంత వేగంగా పడిపోతుందో టైము చూస్తారు. తయారీదారు చెప్పిన గడువుకన్నా ముందే పడితే ఆ హీటర్ పనికిరాదు. ఆపైన నేలమీద వెలిగించి చూడాలి: ఫ్యాను తిరుగుతోందా, థర్మోస్టాట్ మంటను ఆపి మళ్ళీ వెలిగిస్తోందా, గాలి అందకపోతే పెట్రోలు దానంతటదే ఆగుతోందా. అతివేడికి కట్టయ్యే స్విచ్ పనిచేస్తోందో లేదో తప్పక పరీక్షించాలి. మంట ఆపాక ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరగనివ్వాలి, లేకపోతే లోపల మిగిలిన వేడికి లోహం దెబ్బతింటుంది.

చివరిది గాలి కొలత. అమెరికా నిబంధనల ప్రకారం 20,000 పాళ్ళ గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 1 పాలు మించకూడదు. మీటరును పైలట్ ముఖం దగ్గరా, వెనక సీట్లోనూ పెట్టి చూడాలి. హీటర్ ఆపి ఒకసారి, పూర్తిగా తెరిచి ఒకసారి, కిటికీ సందు చేసి ఇంకోసారి. ఎందుకంటే ఎగిరేటప్పుడు క్యాబిన్‌లో ఒత్తిడి బయటికన్నా కాస్త తగ్గవచ్చు. అప్పుడు తలుపు రబ్బరు సందుల్లోంచి, ఇంజన్ వెనక గోడకున్న రంధ్రాల్లోంచి పొగను లోపలికి పీల్చుకుంటుంది. నేలమీద శుభ్రంగా ఉన్న విమానం ఎత్తుకు ఎక్కేటప్పుడు వేరే అంకె చూపించవచ్చు. గాలిలో కూడా కొలవాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

చాలా చిన్న విమానాల్లో డాష్‌బోర్డు మీద రంగు మారే చుక్క ఉన్న కార్డు అంటించి ఉంటుంది. దాని గడువు కొన్ని నెలలే, అది దాటితే విషవాయువు ఉన్నా రంగు మారకపోవచ్చు. పైగా తల బరువెక్కుతున్న పైలట్ ఆ చుక్క వైపు చూడాలిగా! శబ్దం చేసే ఎలక్ట్రానిక్ అలారమే మేలు. అది మోగినా, కారణం లేకుండా తలనొప్పీ మత్తూ మొదలైనా, హీటర్ మూసి, బయటి గాలి తెరిచి, దగ్గర్లోని రన్‌వే మీద దిగిపోవాలి.