కర్నూలు ఎండకు చిక్కటి ఇంజన్ ఆయిలే పోయాలా?

మార్చి దాటిందంటే నా మెకానిక్ షెడ్డుకు వచ్చేవాళ్లు అడిగే మాట ఒకటే: "ఈ ఎండకు ఆ పల్చటి ఆయిల్ ఏం నిలుస్తుందన్నా, 20డబ్ల్యూ-50 పొయ్."

అపోహ: బయట 44 డిగ్రీలుంటే చిక్కటి ఆయిల్ కావాలి.

వాస్తవం: బండి కాసేపు నడిచాక లోపలి ఆయిల్ 90-110 డిగ్రీల వేడి మీద ఉంటుంది. జనవరి పొద్దునైనా, మే మధ్యాహ్నమైనా థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకుని మూసుకునే వాల్వు) కూలెంట్‌ను, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, దాదాపు ఒకే వేడి దగ్గర పట్టి ఉంచుతుంది. 20డబ్ల్యూ-50 లాంటి గ్రేడ్‌లో రెండో అంకె (ఇక్కడ 50) 100 డిగ్రీల దగ్గర కొలిచిన చిక్కదనాన్ని బట్టి ఇచ్చేదే, అంకె పెద్దదైతే ఆయిల్ చిక్కన. ఎండకు ఆయిల్ వేడి కొంచెం పెరిగే మాట నిజం. కంపెనీవాళ్లు ఆ లెక్క వేసుకునే గ్రేడ్ చెబుతారు. 0డబ్ల్యూ-20 కోసం తయారైన ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే మైలేజీ తగ్గుతుంది, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైన వాల్వుల దాకా ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది.

ఒక్క వెసులుబాటు ఉంది. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-40 రెండూ రాసి ఉంటే, నిండా మనుషులతో ఎండాకాలం గువ్వలచెరువు ఘాట్ ఎక్కేవాళ్లు 40 తీసుకోవచ్చు. మాన్యువల్‌లో లేని గ్రేడ్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు, నేను చెప్పినా సరే.

అపోహ: 5డబ్ల్యూ మంచు పడే ఊళ్లకు, మనకెందుకు?

వాస్తవం: డబ్ల్యూ అంటే వింటర్, దాని ముందున్న అంకె తగ్గేకొద్దీ చలిలో ఆయిల్ త్వరగా పారుతుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల చలిలో పరీక్షిస్తారు. అనంతపురంలో అంత చలి కలలో కూడా రాదు. కానీ 25 డిగ్రీల దగ్గర కూడా ఏ ఆయిలైనా, ఇంజన్ వేడి మీద ఉన్నప్పటికన్నా ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. అప్పుడు త్వరగా పారే ఆయిలే మేలు.

అపోహ: సింథటిక్ ఆయిల్ ఎండకు నీళ్లయిపోతుంది.

వాస్తవం: తిరగేసి చెప్పండి. వేడికి మామూలు ఆయిల్ కన్నా అదే తక్కువ పల్చబడుతుంది.

అపోహ: ట్రాక్టర్‌కు తెచ్చిన డబ్బాలో మిగిలింది డీజిల్ కారుకు సరిపోతుంది.

వాస్తవం: బీఎస్6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) డీజిల్ కార్లలో పొగ గొట్టానికి మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసి కాలిపోతుంది, ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది. అందుకే ఈ కార్లకు బూడిద తక్కువుండే ఆయిల్ వేరే ఉంటుంది. గ్రేడ్ అంకెలు ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. ఆ ఫిల్టర్ ఖరీదుతో చూస్తే ఆయిల్ డబ్బా ఏపాటిది!

నన్నడిగితే మన సీమలో ఇంజన్‌కు ఎండ కన్నా దుమ్ము పెద్ద శత్రువు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల వైపు, బేతంచెర్ల నాపరాయి గనుల వైపు రోజూ తిరిగే బండ్ల ఎయిర్ ఫిల్టర్లు ఒకసారి విప్పి చూడండి. ఫిల్టర్ దాటి పోయిన సన్న దుమ్ము ఆయిల్లో కలిసి పిస్టన్ రింగులను, సిలిండర్ గోడలను అరగదీస్తుంది. దుమ్ము దారులు, దగ్గరి దూరాలు, ఏసీ వేసుకుని గంటలకొద్దీ నిలబెట్టడం... వీటిని మాన్యువల్ కఠిన వాడకం కింద లెక్కగట్టి, ఆయిల్ ముందే మార్చమంటుంది. ఆ పేజీ మనోళ్లు తిప్పరు.

ఇంజన్ వేడెక్కుతుంటే ఆయిల్ కన్నా ముందు రేడియేటర్ చూడాలి. ఉప్పు బోరు నీళ్లు పోసుకుంటూ పోతే లోపల గార కట్టి దారులు మూసుకుపోతాయి. కూలెంట్ పోయండి. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే కలపండి.