వినబడుతోంది, మాటే తెలియడం లేదు

"ఆయనకు కావలసినవి మాత్రం భేషుగ్గా వినబడతాయి." వయసు మళ్లిన మనిషి మీద ఈ విసురు పడని ఇల్లు అరుదు. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పక్క గదిలోంచి పిలిచినా పలుకుతాడు. అదే నలుగురూ చేరి మాట్లాడుకుంటుంటే ఒక్కో మాటకు మూడేసి సార్లు "ఏమన్నావు?" అంటాడు. చూసేవాళ్లకు అది పంతంలాగో పరధ్యానంలాగో కనబడుతుంది. నిజానికి చెవి చేయవలసిన పనులు రెండున్నాయి. నిశ్శబ్దంలో ఒక చప్పుడును పసిగట్టడం ఒకటి, గోలలోంచి ఒక్క గొంతును విడదీసి అదేమందో పోల్చుకోవడం మరొకటి. మొదటి పని చక్కగా చేసే చెవి రెండోదాని దగ్గర చేతులెత్తేయవచ్చు. విచిత్రమేమిటంటే, మనిషి ఫిర్యాదు రెండోదాని గురించి అయితే, పరీక్ష ఎక్కువగా మొదటిదానికి జరుగుతుంది.

ఆ మొదటి పరీక్ష చాలామందికి తెలిసిందే. బయటి శబ్దం చొరబడని గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాం. 250 హెర్ట్జ్ బొంగురు స్వరం నుంచి 8000 హెర్ట్జ్ కీచు స్వరం దాకా ఒక్కొక్కటే వినిపిస్తారు, వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. ఏ స్వరం ఎంత మెల్లగా ఉన్నా వినబడిందో గుర్తించి గీసే పటమే ఆడియోగ్రామ్. దాన్ని తీసిపారేయడానికి లేదు. వయసుతో వచ్చే లోపం కీచు స్వరాల వైపు నుంచి మొదలవుతుందని ఆ పటంలో స్పష్టంగా కనబడుతుంది. మాటలో అచ్చుల బలం కింది స్వరాల్లో ఉంటుంది. ఒక హల్లును మరో హల్లు నుంచి వేరుచేసే ఆనవాళ్లు చాలావరకు పై స్వరాల్లో ఉంటాయి. పై స్వరాలు మసకబారితే తల, కల, వల, అల అన్నీ ఒకే మాటలా చేరతాయి. "కాస్త గట్టిగా చెప్పు" అన్నారని మనం అరిస్తే పెరిగేది అచ్చే, హల్లు దాదాపు ఉన్నచోటే ఉండిపోతుంది. అరుపు విన్నవారు "అరవకు, నాకేం చెవుడు లేదు" అని విసుక్కోవడంలో న్యాయముంది.

అయితే ఒకే రకం ఆడియోగ్రామ్ ఉన్న ఇద్దరిని గోలలో కూర్చోబెడితే ఒకరు సంభాషణలో కలిసిపోతారు, మరొకరు బిక్కమొహం వేస్తారు. ఈ తేడాను 1978లో డచ్ శాస్త్రవేత్త ప్లాంప్ రెండు ముక్కల్లో వివరించాడు. వినికిడి లోపంలో ఒక భాగం శబ్దం తగ్గడం, రెండో భాగం శబ్దం చెదరడం. తగ్గిన శబ్దాన్ని యంత్రంతో పెంచవచ్చు. కానీ గోలలో మాటా గోలా కలిసే తగ్గుతాయి, కలిసే పెరుగుతాయి. రెండింటి మధ్య నిష్పత్తి మారదు. కాబట్టి అక్కడ మనిషిని దెబ్బతీసేది రెండో భాగం. ఆడియోగ్రామ్ ఆ భాగాన్ని సూటిగా చూపలేదు.

శబ్దం చెదరడానికి కారణం ఒక్కటి కాదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అందులోని బయటి వరుసల రోమకణాలు దగ్గర దగ్గర స్వరాలను విడదీసి పదును పెడతాయి. అవి రాలిపోతే మాటా గోలా ఒకే గాటన పడతాయి. ఇక లోపలి వరుస రోమకణాలకు, శ్రవణనాడికి మధ్య ఉండే సంధులు ఉన్నాయి. 2009లో కుజావా, లిబర్మన్ అనే పరిశోధకులు ఎలుకలకు కొద్ది గంటలు పెద్ద శబ్దం వినిపించారు. కొన్నాళ్లకు వాటి వినికిడి స్థాయి మామూలుకు వచ్చింది, రోమకణాలూ నిలిచాయి. కాక్లియాలో కీచు స్వరాలు పట్టే భాగంలో మాత్రం ఆ సంధుల్లో సగం వరకు పోయాయి. అంటే స్వరాల పరీక్ష 'బాగుంది' అంటుండగానే లోపల తీగలు తెగి ఉండవచ్చన్నమాట. బతికున్న మనిషి చెవిలో ఈ సంధులను లెక్కపెట్టే మార్గం లేదు కనుక, గోలలో పడే ఇబ్బందికి ఇదెంతవరకు కారణమన్నది ఇంకా చర్చలోనే ఉంది.

మరి గోలలో మాట తెలియడాన్ని కొలిచేదెలా? వాక్యం వినిపించి, విన్నది తిరిగి చెప్పించాలి. నేపథ్యంలో గోల ఒకే స్థాయిలో సాగుతుంటుంది. ఒక పెద్దావిడ కూర్చున్నారనుకుందాం. "ఆమె చాకు సొరుగులో పెట్టింది" అని వినిపించారు. ఆవిడ ఒక్క క్షణం ఆగి "ఆమె తాడు సొరుగులో పెట్టింది" అన్నారు. ఈ తప్పును కాస్త నిదానంగా చూడాలి. చాకులోని ఆ-కారం, ఉ-కారం రెండూ తాడులో చెక్కుచెదరలేదు, పోయినవి హల్లులు. ఆ ఖాళీల్లో మెదడు ఏదో ఒక చప్పుడు కాకుండా అర్థమున్న మాటనే తెచ్చి పెట్టింది. సొరుగులో పెట్టదగిన వస్తువునే వెతికి మరీ పెట్టింది. విన్నానన్న నమ్మకం ఆవిడకు పూర్తిగా ఉంది. పరీక్షించేవారి కాగితం మీద మాత్రం ఆ మాటకు సున్నా.

సరిగ్గా చెబితే తర్వాతి వాక్యాన్ని, ఉదాహరణకు, రెండు డెసిబెళ్లు తగ్గిస్తారు, తప్పితే రెండు పెంచుతారు. అలా దిగుతూ ఎక్కుతూ, సగం వాక్యాలు తెలిసే చోట కొలత స్థిరపడుతుంది. అదే ఆ మనిషి హద్దు. ఇక్కడ లెక్కపెట్టేది గోల కన్నా మాట ఎన్ని డెసిబెళ్లు పైన ఉందన్నది. సున్నా డెసిబెళ్లంటే మాటా గోలా సమానంగా ఉన్నాయని. కుర్రచెవులు చాలా పరీక్షల్లో సున్నాకు కిందే ఉంటాయి, అంటే గోల కన్నా మెల్లగా చెప్పినా పట్టుకుంటాయి. ఈ హద్దు దగ్గర దారి బాగా నిటారు. వాక్యాల పరీక్షల్లో ఒక్క డెసిబెల్ మారితే తెలిసే మాటల శాతం పది నుంచి ఇరవై దాకా మారిపోతుంది. ఇద్దరి మధ్య రెండు మూడు డెసిబెళ్ల తేడా అంటే కాగితం మీద చిన్న అంకె, సంభాషణలో ఉండటానికీ లేకపోవడానికీ ఉన్నంత తేడా.

ఏ గోల వినిపించాలన్నది ఇంకో చిక్కు. ఫ్యాను హోరులాంటి ఎడతెగని చప్పుడు కొలతకు సులువు, ఫలితం నిలకడగా వస్తుంది. కానీ అలాంటి హోరుతో కొలిచి మనిషి ఇబ్బందిని తేల్చేశామనుకోవడం నాకు నచ్చదు. మనుషుల మాటల్లో విరామాలుంటాయి. పక్కవాళ్లు ఊపిరి పీల్చుకునే ఆ సందుల్లోంచి కుర్రచెవి తనకు కావలసిన మాటను తొంగిచూస్తుంది. ముసలి చెవికి ఆ సందుల వల్ల కలిగే లాభం తక్కువ, కాబట్టి అసలు తేడా బయటపడేది అక్కడే. పైగా పక్కవాళ్ల మాటలకూ అర్థముంటుంది, మనసును లాగుతుంది. ఎన్నో గొంతుల్లో ఒకదాన్ని ఎలా వెంబడిస్తామన్న ప్రశ్నను కాలిన్ చెర్రీ 1953లోనే ప్రయోగాలకు పెట్టాడు. విందులో పదిమంది మాటల మధ్య వినడమనే పోలిక ఆయన నుంచే స్థిరపడింది. నలుగురి మాటల గోలతో నడిచే క్విక్‌సిన్ పరీక్షలో ఆరు వాక్యాలు, ఒక్కోదాంట్లో అయిదు కీలకమైన మాటలు ఉంటాయి. మాటకూ గోలకూ తేడా 25 డెసిబెళ్లతో మొదలై అయిదేసి చొప్పున సున్నాకు దిగుతుంది. ఒక జాబితా పూర్తికావడానికి నిమిషం చాలు. ఇంత చిన్న పరీక్షకు తీరిక లేదనడం సాకే.

అన్నిటికన్నా ఆసక్తికరం వాక్యాల ఎంపిక. 1977లో వచ్చిన ఒక ఇంగ్లీషు పరీక్షలో ప్రతి వాక్యం చివరి మాటనే చెప్పాలి. సగం వాక్యాల్లో ఆ మాటను ముందు మాటలే పట్టిస్తాయి, మిగతా సగంలో ఊహకు ఆధారమే ఉండదు. రెండు మార్కుల మధ్య తేడా, మనిషి సందర్భాన్ని ఎంత వాడుకుంటున్నాడో చెబుతుంది. ఇలాంటి వాక్యాలతోనే 1995లో పిచోరా-ఫుల్లర్, ష్నైడర్, డానెమన్ చిన్నవారినీ పెద్దవారినీ పరీక్షించారు. సందర్భం వల్ల పెద్దవారే ఎక్కువ లాభపడ్డారు. ఏళ్ల తరబడి పోగుపడిన భాష చెవి లోటును పూడుస్తోందన్నమాట. కానీ అదే ప్రయోగంలో, సరిగ్గానే చెప్పిన మాటలను కాసేపాగి గుర్తుతెచ్చుకోమంటే పెద్దవారికి తక్కువ గుర్తున్నాయి. గోల పెంచితే చిన్నవారికీ అదే గతి పట్టింది. పోల్చుకోవడానికే మెదడు బలమంతా ఖర్చయితే, దాచుకోవడానికి మిగిలేది కొంచెమే. "నిన్ననే చెప్పాను, అప్పుడే మరిచిపోయావా" అనేముందు ఆ మాట ఎంత గోలలో చెప్పామో తలుచుకోవడం మంచిది.

ఇలాంటి పరీక్షను తెలుగులోకి ఉన్నదున్నట్టు దించలేం. మన వాక్యం చివర క్రియ కూర్చుంటుంది, నామవాచకం ముందే వెళ్లిపోతుంది. "ఆమె చాకుకు పదును పెట్టింది" అన్నప్పుడు చాకు సరిగ్గా వినబడకపోయినా, పదును దగ్గరకు రాగానే వెనక్కి వెళ్లి దిద్దుకోవచ్చు. అందుకు ఆ తెలిసీ తెలియని చప్పుడును అంతసేపూ మనసులో పట్టి ఉంచాలి. సరిగ్గా ఆ పనిలోనే వయసు ఇబ్బంది పెడుతుంది. ఇక 'సొరుగులో' బదులు 'సొరుగు మీద' అంటే సగం మార్కా, సున్నానా? 'పెట్టింది' బదులు 'పెట్టి' అని ఆగిపోతే? తెలుగులో పరీక్ష తయారుచేసేవారు ముందుగా తేల్చుకోవలసినవి ఇవి.

భాష బెడద తగ్గించడానికి అంకెలను వాడే పద్ధతీ ఉంది. హోరులో మూడేసి అంకెలు వినిపిస్తే, విన్నవారు మీటలు నొక్కి చెబుతారు. నెదర్లాండ్స్‌లో స్మిట్స్ బృందం దీన్ని మామూలు టెలిఫోను మీద నడిపి, 2004లో ఆ పద్ధతిని ప్రచురించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇదే పద్ధతిలో ఫోన్ యాప్ తెచ్చింది. ఎవరికి పూర్తి పరీక్ష అవసరమో వడబోయడానికి ఇది చాలా మేలైన సాధనం. అయితే మూడు అంకెలు పట్టుకోవడం, కథ మధ్యలో పాత్ర మారినప్పుడు దారి తప్పకుండా ఉండటం ఒకటి కావు.

వచ్చిన అంకెను ఇంట్లోకి ఎలా తెచ్చుకోవాలో చూద్దాం. క్విక్‌సిన్‌లో మామూలు చెవికి సగం మాటలు తెలియాలంటే గోల కన్నా మాట 2 డెసిబెళ్లు పైన ఉండాలి. ఒకరి లోటు 7 అని తేలితే ఆయనకు 9 కావాలి. గోడల ప్రతిధ్వని అంతగా లేనిచోట రెండు మీటర్ల దూరం నుంచి ఒక మీటరుకు జరిగితే మాట సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది, దూరంగా ఉన్న గోల పెరగదు. లోటులో చాలా భాగం ఒక్క కుర్చీ జరపడంతోనే తీరిందన్నమాట. గోలలో పెదవులు కనబడటం మాటను ఎంతగా నిలబెడుతుందో సంబీ, పొలాక్ 1954లోనే చూపారు. కాబట్టి కుర్చీ జరిపేటప్పుడు ఆయనకు ఎదురుగా, మొహం మీద వెలుతురు పడేలా వేసుకోవాలి. టీవీ ఆపడం ఎలాగూ మన చేతిలోనే ఉంది.