మంచు మీద ఎర్రటి అడుగులు

జులైలో ఒక శనివారం రాత్రి, సియాటిల్‌లో ఉండే మా మేనకోడలు రెండు ఫోటోలు పంపింది. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే బయల్దేరి, రెయినియర్ పర్వతం మీద పారడైజ్ అనే చోట కారు ఆపి, స్కైలైన్ ట్రైల్ వెంట పనోరమా పాయింట్ దాకా ఎక్కి సాయంత్రానికి దిగొచ్చారు. కారు ఆపిన చోటే 1,645 మీటర్ల ఎత్తు. ఇద్దరూ టీషర్టుల్లో ఉన్నారు, కాళ్ళ కింద మాత్రం మంచు. మొదటి ఫోటోలో అల్లుడి గడ్డం కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. రెండో ఫోటోలో వాళ్ళు నడిచొచ్చిన అడుగులు, పుచ్చకాయ గుజ్జు తొక్కినట్టు.

"మామయ్యా, టోపీ పెట్టుకున్నా గడ్డం కింద ఎలా కాలింది? మంచు మీద ఆ ఎరుపేంటి? ఏ జంతువుదో రక్తమని టెన్షన్ పడ్డాం" అని అడిగింది.

నాకు తెగ సంతోషమేసింది. తెలియకుండానే ఒకే విషయాన్ని రెండువైపుల నుంచీ అడిగింది. గడ్డాన్ని కాల్చింది మంచు వద్దని తిప్పికొట్టిన వెలుగు. ఎర్రమచ్చ కథంతా మంచు తనలోకి తీసుకున్న వెలుగుది.

పటికబెల్లం ముక్కను వెలుగుకు పట్టి చూడండి, అద్దంలా ఉంటుంది. దాన్నే రోట్లో వేసి దంచితే తెల్లటి పొడి అవుతుంది. అందులో మనం కొత్తగా కలిపిందేమీ లేదు, అంచులు పెరిగాయంతే. గాలికీ స్ఫటికానికీ మధ్య ఉన్న ప్రతి అంచు దగ్గరా కాంతి కాస్త వంగుతుంది, కాస్త వెనక్కి మళ్ళుతుంది. అలాంటి అంచులు వేలల్లో ఉంటే లోపలికి వెళ్ళిన వెలుగు దారి తప్పి మళ్ళీ బయటికే వస్తుంది. మంచు తెలుపు కూడా ఇదే. కొత్తగా పడిన మంచు తన మీద పడిన వెలుగులో 80 నుంచి 90 శాతం తిప్పి పంపేస్తుంది, అతినీలలోహిత కిరణాలతో సహా. టోపీ పైనుంచి వచ్చేవాటిని ఆపింది, కిందినుంచి వచ్చేవాటికి అడ్డేముంది? మంచు మీద నడిచేవాళ్ళు సన్‌స్క్రీన్ గడ్డం కింద కూడా రాసుకోవాలి. నల్లకళ్ళద్దాలు లేకపోతే కంటి కార్నియా కూడా ఇలాగే కందుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క ఇక్కడుంది. వంద రూపాయల జీతంలో తొంభై ఖర్చుపెట్టే మనిషి ఖర్చును ఎనభైకి తగ్గించాడనుకోండి. ఖర్చు తగ్గింది కొంచెమే, కానీ మిగులు పది నుంచి ఇరవై అయింది, అంటే రెట్టింపు. మంచుకూ అంతే. తిప్పికొట్టేది 90 నుంచి 80 శాతానికి పడిపోతే కంటికి తేడా పెద్దగా తెలియదు, లోపలికి చేరే వేడి మాత్రం రెట్టింపు. నడినెత్తి ఎండలో చదరపు మీటరు మీద సుమారు 1,000 వాట్ల శక్తి పడుతుంది. అందులో పదోవంతు పీల్చుకుంటే గంటకు 360 కిలోజౌళ్ళు. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళు కావాలి కాబట్టి, వేడి మిగతా రాకపోకలు పక్కన పెడితే, గంటకు కిలో పైచిలుకు కరుగుతుంది. ఇరవై శాతం పీల్చుకుంటే రెండు కిలోలు, నలభై అయితే నాలుగు కిలోలకు పైనే.

ఆ 334 అనే అంకె మన పిల్లలందరికీ కంఠస్థమే, గుప్తోష్ణం (ఉష్ణోగ్రత పెరగకుండా కరగడానికే ఖర్చయ్యే వేడి) నిర్వచనంతో సహా. గ్రాముకు 80 కేలరీలు, అంటే సున్నా డిగ్రీల నీటిని 80 డిగ్రీలకు వేడిచేసేంత. మంచు అంత మొండిదని మాత్రం ఎవరూ చెప్పరు. పారడైజ్‌లో ఏటా సగటున 16 మీటర్ల మంచు కురుస్తుంది. 1971–72లో అయితే 28.5 మీటర్లు కురిసింది. జులై దాకా మిగలకేం చేస్తుంది?

ఇక ఆ ఎరుపు. ఇంటర్ బోటనీలో క్లామిడోమోనాస్ బొమ్మ గీసినవాళ్ళకు రెండు కశాభాలు (ఈదడానికి వాడే తోకల్లాంటివి) ఉన్న ఆ ఆకుపచ్చ కణం గుర్తుండే ఉంటుంది. మంచులో ఉండేది దాని చుట్టమే, ఒక శైవలం, అంటే నాచు జాతి. చాలాకాలం క్లామిడోమోనాస్ నివాలిస్ అనేవారు, 2019లో వేరుచేసి సాంగ్వినా అని పేరు పెట్టారు. వసంతంలో మంచు కరగడం మొదలవగానే ఈ కణాలు మంచు గింజల మధ్య నీటిలో ఈదుకుంటూ పైకొస్తాయి. పైన ఎండ మరీ తీవ్రం. అందుకని మందమైన గోడ కట్టుకుని, అస్టాజాంథిన్ అనే ఎర్రటి వర్ణకాన్ని నింపుకుంటాయి. ఉడికించిన రొయ్యల్ని ఎర్రగా చేసేదీ అదే. పచ్చి రొయ్యలో అది ప్రొటీన్‌కు అతుక్కుని దాక్కుంటుంది, వేడికి ఆ ప్రొటీన్ చెదిరి అసలు రంగు బయటపడుతుంది.

వర్ణకం నీలి, ఆకుపచ్చ వెలుగును పీల్చి వేడిగా మారుస్తుంది. కణం చుట్టూ మంచు కరుగుతుంది. శైవలానికి కావలసింది నీరే. నీరుంటే మరిన్ని కణాలు, కణాలు పెరిగితే మరింత ఎరుపు, ఎరుపు పెరిగితే మరింత నీరు. మిగులు లెక్క మళ్ళీ వచ్చేసింది చూశారా! గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్వాల్‌బార్డ్, స్వీడన్ హిమానీనదాల మీద చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, కరిగే కాలం మొత్తమ్మీద ఈ శైవలాల వల్ల మంచు వెలుగును తిప్పికొట్టడం 13 శాతం తగ్గుతుందని తేలింది. అంటే నూటికి 75 తిప్పికొట్టే మంచు, ఆ 75లో 13 శాతం పోయి 65కు దిగితే, పీల్చుకునేది 25 నుంచి 35కు పెరుగుతుంది.

2001లో కేరళలో ఎర్రటి వాన కురిసినప్పుడు రక్తవర్షమన్నారు, అరిష్టమన్నారు. ఆ నీటిని సూక్ష్మదర్శినిలో చూస్తే కనిపించింది ట్రెంటిపోలియా అనే శైవలం సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి కణాలు. భయపడ్డవాళ్ళను నేను తప్పుపట్టను. ఆ చుక్కను చూపించకుండా వాళ్ళను భయంలోనే వదిలేస్తే మాత్రం నాకు బాధ.

ఇదంతా రాసి పంపితే, బూట్ల అడుగున ఇంకా గులాబిరంగు ఉందని మేనకోడలు మరో ఫోటో పెట్టింది. ఆ రంగంతా గోడ కట్టుకుని నిద్రపోతున్న కణాలే. కొండ మీద మిగిలినవి మంచు కరిగాక నేలమీదే పడి ఉండి, శీతాకాలంలో కొత్త మంచు కింద కప్పబడి, మళ్ళీ తడి తగిలినప్పుడు ఆకుపచ్చ పిల్లకణాలై ఈత మొదలుపెడతాయి.