పాము పుట్ట ఎవరు కట్టారు? జీవుల గురించి అపోహలు – వాస్తవాలు

చాలా ఏళ్లుగా విశాఖలో డిగ్రీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. పాఠం గదిలో మొదలైనా తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదో, కంబాలకొండ అడవి దారిలోనో పూర్తవుతుంది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క తూర్పు కనుమలు ఉన్న ఊళ్లో పుస్తకం బొమ్మలతో సరిపెట్టుకోవాల్సిన అవసరం లేదు. పిల్లలూ, వాళ్లతో వచ్చే పెద్దలూ మళ్లీ మళ్లీ అడిగేవి, గట్టిగా నమ్మేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఒక జీవి ఎక్కడ ఉంటుంది, చూడ్డానికి ఎలా ఉంటుంది అనే రెండిటిని బట్టి మనం దానికి కులం కట్టేస్తాం. జీవశాస్త్రం అడిగే ప్రశ్నలు వేరు. దేనితో ఊపిరి పీలుస్తుంది? తిండి తానే తయారుచేసుకుంటుందా, ఇంకొకరి మీద ఆధారపడుతుందా? వెన్నెముక ఉందా? సంతానాన్ని ఎలా కంటుంది? కింద ఉన్న అపోహల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్నలు అడగకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: సముద్రంలో ఉండేవన్నీ చేపలే.

ఫిషింగ్ హార్బర్‌లో ఒక్క గంట నిలబడి బుట్టల్లోకి చూడండి. వంజరం, చందువా, కానాగంతలు చేపలు. మొప్పలతో ఊపిరి పీలుస్తాయి, వెన్నెముక ఉంది. సొర (షార్క్), టేకు (రే చేప) కూడా చేపలే. కాకపోతే వాటి అస్థిపంజరం ఎముకతో కాకుండా మృదులాస్థితో తయారై ఉంటుంది. పక్క బుట్టలో రొయ్యలు, పీతలు ఉంటాయి. వీటికి వెన్నెముకే లేదు. పది కాళ్లతో, పైన గట్టి పెంకుతో ఉండే సంధిపాద జీవులు, అంటే కీళ్ల కాళ్లున్నవి. పురుగులకూ సాలెపురుగులకూ దూరపు చుట్టాలు. అన్నట్టు, రొయ్య వలిచేటప్పుడు వీపు మీద నుంచి లాగి పారేసే నల్లటి దారాన్ని నరం అంటారు. అది దాని పేగు. స్క్విడ్, ఆక్టోపస్‌లు మరో కుటుంబం, నత్తలకూ ఆలిచిప్పలకూ బంధువులు.

తిమింగలం, డాల్ఫిన్ క్షీరదాలు. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయి, పిల్లల్ని కని పాలు ఇస్తాయి. గుర్తుపట్టడానికి సులువైన దారి తోక. బజారులో కొన్న వంజరం తోక నిలువుగా ఉంటుంది, అది పక్కలకు ఆడించి ఈదుతుంది. డాల్ఫిన్ తోక అడ్డంగా ఉంటుంది, పైకీ కిందకీ ఆడుతుంది. 2021 డిసెంబరులో మన తంతడి తీరానికి ఒక పెద్ద జీవి కొట్టుకొచ్చినప్పుడు చాలామంది తిమింగలం అన్నారు. అది వేల్ షార్క్. పేరులో వేల్ ఉన్నా సొర జాతిదే, బతికున్న చేపలన్నిటిలోకీ పెద్దది. మత్స్యకారులు, అటవీశాఖ వాళ్లు కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు. మొప్పలున్న చేప కాబట్టి ఒడ్డున పడితే ఊపిరాడదు. అందుకే దాన్ని వీలైనంత త్వరగా లోతు నీళ్లకు చేర్చాలి.

ఇదే లెక్క తాబేళ్ల దగ్గర తలకిందులవుతుంది. ఆలివ్ రిడ్లే తాబేలు జీవితమంతా సముద్రంలోనే గడుపుతుంది కాబట్టి నీళ్లలోనే ఊపిరి పీలుస్తుందని అనుకుంటారు. అది సరీసృపం, ఊపిరితిత్తులతో బతికేది. గాలి కోసం పైకి రావాల్సిందే. పడవ వెనక ఈడ్చే ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే నీట మునిగి చనిపోతుంది. చలికాలం చివర్లో మన తీరాన కొట్టుకొచ్చే తాబేళ్ల కళేబరాల్లో చాలావాటి కథ ఇదే. వలకు తాబేలు తప్పించుకునే దారి పెట్టే పరికరాలు ఉన్నాయి. అటవీశాఖ హేచరీల్లో గుడ్లు కాపాడటం ఎంత ముఖ్యమో ఈ పరికరం వాడటం అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం. గుడ్లు పెట్టే వయసుకు వచ్చిన తల్లి చనిపోతే ఆ లోటు ఏళ్ల తరబడి పూడదు.

జెల్లీ ఫిష్ గురించి ఒక్క జాగ్రత్త. దానికి మెదడు, గుండె, ఎముక ఏవీ లేవు, ఒంట్లో దాదాపు అంతా నీరే. కానీ దాని దంశ కణాలు తాకగానే వాటంతట అవే పేలతాయి. ఆర్కే బీచ్ ఇసుకలో చచ్చి పడున్నది కూడా కుట్టగలదు. పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

అపోహ: కదలకుండా రాయికి అంటుకుని ఉంటే మొక్కే.

సముద్రం పాటు మీద ఉన్నప్పుడు, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, జోడుగుళ్లపాలెం, రుషికొండ రాళ్ల గుంటల్లోకి తొంగిచూస్తే రంగురంగుల రేకులు విచ్చుకుని ఉన్న పువ్వుల్లాంటివి కనిపిస్తాయి. సీ ఎనిమోన్లు. నూటికి నూరుపాళ్లు జంతువులు, జెల్లీ ఫిష్ కుటుంబమే. ఆ రేకులు చిన్న చేపల్నీ రొయ్యల్నీ పట్టే చేతులు. రాళ్ల మీద, పడవల అడుగున గరుకుగా పేరుకునే తెల్లటి గుల్లలు బార్నకిల్స్. గుల్ల చూసి వీటిని నత్తల వర్గంలో వేసేవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దంలో వాటి పిల్లదశ ఈదుతుండగా గమనించాకే అవి రొయ్యలకూ పీతలకూ బంధువులని తేలింది. తల భాగాన్ని రాయికి అతికించుకుని, కాళ్లతో నీళ్లలోంచి తిండి ఏరుకుంటాయి.

పక్కనే ఉన్న సముద్రపు నాచుది ఇంకో కథ. దానికి వేరు, కాండం, ఆకు ఏవీ నిజంగా ఉండవు. రాయిని పట్టుకోవడానికి ఒక పట్టు మాత్రం ఉంటుంది, అందులోంచి నీరు తాగదు. ఆకుపచ్చ నాచులు నేల మొక్కలకు దగ్గర బంధువులు. గోధుమరంగు సర్గాసం నాచు మాత్రం పూర్తిగా వేరే వంశం. కంటికి కనిపించని సముద్రపు శైవలాలు (నాచు జాతి జీవులు), బాక్టీరియా కలిసి భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగాన్ని తయారుచేస్తున్నాయి. చెట్లు నాటడం గురించి మాట్లాడే ప్రతి సభలోనూ ఈ మాట చెప్పాలనిపిస్తుంది నాకు.

అపోహ: మొక్కలకు ప్రాణం ఉందని జగదీశ్ చంద్రబోస్ కనిపెట్టారు.

ఈ వాక్యం ఎన్నో పరీక్ష పేపర్లలో చూశాను, బిట్ ప్రశ్నగా కూడా. మొక్క పుడుతుందనీ పెరుగుతుందనీ చస్తుందనీ రైతుకు వేల ఏళ్లుగా తెలుసు. బోస్ (1858–1937) చేసింది అంతకంటే కష్టమైన పని. క్రెస్కోగ్రాఫ్ అనే పరికరంతో మొక్క ఎదుగుదలను వేల రెట్లు పెద్దది చేసి కొలిచారు. వేడి, వెలుతురు, గాయం, విషం తగిలినప్పుడు మొక్కలో విద్యుత్ స్పందన ఎలా మారుతుందో నమోదు చేశారు. అత్తిపత్తి ఆయనకు ఇష్టమైన ప్రయోగ మొక్కల్లో ఒకటి. ఆయన్ని పొగడాలంటే ఆయన చేసిన పనిని చెప్పి పొగుడుదాం.

మొక్కల కదలిక చూడాలంటే పరికరం కూడా అక్కర్లేదు. మన రోడ్ల పక్క నిద్రగన్నేరు చెట్లు సాయంత్రానికి ఆకులు ముడుస్తాయి. ఆకు కాడ మొదట్లో ఉబ్బుగా ఉండే చోట కణాల్లోకి నీరు చేరడం, ఖాళీ కావడం వల్ల ఆ కదలిక వస్తుంది. కండరం లేదు, నరం లేదు.

అపోహ: రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుంది. చింతచెట్టు కింద రాత్రి పడుకుంటే ఊపిరాడక చస్తారు.

రెండూ తప్పే. కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ రావాలంటే వెలుతురు ఉండాలి. ఈ సంగతిని యాన్ ఇంగెన్‌హౌజ్ 1779లోనే ప్రయోగాలతో చూపించాడు. రాత్రి ఏ చెట్టయినా మనలాగే ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అది చాలా కొద్ది మొత్తం. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. మూసిన గదిలో పక్కన పడుకున్న మనిషి కుండీలోని మొక్క కంటే ఎంతో ఎక్కువ వదులుతాడు.

కడియం నుంచి వచ్చే స్నేక్ ప్లాంట్, కలబంద కుండీలకు ‘రాత్రి ఆక్సిజన్’ అని చీటీ కట్టి అమ్ముతున్నారు. ఈ మొక్కలు ఎండలో నీరు పోకుండా పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ లోపలికి తీసుకుంటాయి. దాన్ని ఆమ్లంగా దాచుకుని పగలు వెలుతురులో వాడుకుంటాయి. ఆక్సిజన్ తయారయ్యేది పగలే. అందానికి కొనుక్కోండి, తప్పులేదు.

అపోహ: మట్టిలో ఉన్నదంతా వేరు, తియ్యగా ఉన్నదంతా పండు.

బంగాళాదుంప, అల్లం, కంద కాండాలు. చిలగడదుంప, క్యారెట్, ముల్లంగి వేర్లు. ఉల్లిపాయలో తినేది ఆకుల అడుగుభాగం. వేరుశనగ వేరుకు కాయదు. పువ్వు నేలపైనే పూస్తుంది, ఫలదీకరణ తర్వాత ఊడలా ఒక కాడ కిందికి దిగి మట్టిలోకి దూరి అక్కడ కాయ కడుతుంది. అరటి మాను నిజంగా మాను కాదు, ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు మొదళ్లు. అసలు కాండం భూమిలో ఉంటుంది. కూర వండుకునే దూట, గెల కోసం పైకి వచ్చే దాని భాగం. జీడిమామిడిలో ఎర్రగా నిగనిగలాడే ‘పండు’ ఉబ్బిన కాడ, దాని కొసకు వేలాడే గింజకాయే అసలు పండు.

మేడిచెట్టు పువ్వు పూయదంటారు. పూస్తుంది, వందల సంఖ్యలో. అవన్నీ గుండ్రటి సంచి లోపలి గోడకు ఉంటాయి, మనం పండనుకునేది ఆ సంచినే. కొసన ఉండే సన్నటి రంధ్రంలోంచి చిన్న కందిరీగ దూరి పరాగ సంపర్కం చేస్తుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. లోపల కనిపించే పురుగుల్లో ముఖ్యమైనది అదే. ఆ పురుగు లేకపోతే మేడికి విత్తనం లేదు.

అపోహ: బాక్టీరియా అంటే జబ్బు, జబ్బంటే యాంటీబయాటిక్.

పెరుగు తోడుకునేదీ ఇడ్లీ పిండి పులిసేదీ ప్రధానంగా బాక్టీరియా వల్లే. జలుబు, డెంగ్యూ వైరస్‌ల వల్ల వస్తాయి. వైరస్‌కు కణమే లేదు, కాబట్టి బాక్టీరియా కణాన్ని దెబ్బతీసే యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగడం ఆపేయండి.

అపోహ: పుట్టగొడుగు మొక్క. వెండి నల్లబడకపోతే తినొచ్చు.

పుట్టగొడుగుకు పత్రహరితం లేదు, తిండి తయారుచేసుకోలేదు. దాని కణాల గోడలో ఉండేది కైటిన్, రొయ్య పెంకులో ఉండే పదార్థమే. వంశం లెక్కన శిలీంధ్రాలు మొక్కలకన్నా జంతువులకు దగ్గర. మనకు కనిపించే గొడుగు విత్తనాల వంటి సిద్ధబీజాలు వెదజల్లే భాగం మాత్రమే, అసలు ఒళ్లు దారాల్లా మట్టిలో అల్లుకుని ఉంటుంది.

వానలు మొదలవగానే ఏజెన్సీ సంతల్లో అడవి పుట్టగొడుగులు దిగుతాయి. వాటిని ఏరే గిరిజన పెద్దలకు ఏ చోట, ఏ పుట్ట మీద, ఏ నెలలో ఏది వస్తుందో తెలుసు. ఆ అనుభవం లేని మనం వెండి స్పూను, వెల్లుల్లి, పురుగు కొరికిన గుర్తు అంటూ పరీక్షలు పెట్టుకుంటాం. వీటిలో ఏదీ పనిచేయదు. కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే అమాటాక్సిన్ ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కూడా వాంతులు మొదలు కావు. మొదలై తగ్గినట్టే తగ్గి, ఆలోగా కాలేయం దెబ్బతింటుంది. తెలియనిది తినొద్దు. తిన్నాక ఒంట్లో బాగోకపోతే, మిగిలిన ముక్క కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: పుట్ట పాము కడుతుంది, పాలు తాగుతుంది, పగబడుతుంది.

పుట్ట కట్టేది చెదపురుగులు. అవి చీమలు కూడా కావు, బొద్దింకలకు దగ్గర చుట్టాలు. చూపులేని కూలి చెదలు మట్టిని ఉమ్మితో కలిపి గోడలు లేపుతాయి. మన దగ్గరి కొన్ని జాతులు లోపల వ్యవసాయం చేస్తాయి కూడా. నమిలి తెచ్చిన పుల్లా ఆకుతో మడులు కట్టి ఒక శిలీంధ్రాన్ని పెంచి తింటాయి. వాన పడ్డాక పుట్ట మీద లేచే గొడుగులు ఆ పంటవే. పాముకు కాళ్లు లేవు, తవ్వలేదు. ఖాళీ అయిన పుట్టలోనో ఎలుక బొరియలోనో తలదాచుకుంటుంది.

పాలు క్షీరదాల ఆహారం. పాము దాన్ని సరిగా అరిగించుకోలేదు. బుట్టలో దాహంతో మాడ్చిన పాము ముందు ఏ ద్రవం పెట్టినా నోరు పెడుతుంది. నాగుల చవితికి పుట్టకు మొక్కడాన్ని నేను తప్పుపట్టను. ఆ నమ్మకం వల్లే చాలా పుట్టలు పలుగు దెబ్బ తప్పించుకున్నాయి. పాలు, గుడ్లు, పసుపు కన్నాల్లో పోయకుండా పక్కన పళ్లెంలో పెడితే పూజా జరుగుతుంది, పుట్టా బతుకుతుంది.

ఉత్తరాంధ్ర ఊళ్లలో అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం జరిగేది జెర్రిపోతుకు. అది మగదనీ, తాచు ఆడదనీ, రెండూ జతకడతాయనీ అంటారు. ఇవి వేరువేరు జాతులు, రెండిటిలోనూ ఆడా మగా ఉంటాయి. రెండు పాములు పెనవేసుకుని లేస్తుంటే సయ్యాట అని కొత్త బట్ట వేస్తారు. చాలాసార్లు అది రెండు మగ జెర్రిపోతుల బలాబలాల పోటీ. గేదె కాళ్లకు చుట్టుకుని పాలు తాగుతుందన్నది కూడా జరగని పని. లోపలికి వంగిన సూదిపళ్ల నోటితో పీల్చడం కుదరదు. ఈ పాముకు విషం లేదు. గాదె దగ్గర ఎలుకల్ని తింటుంది. పామును చంపడం వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం నేరం కూడా.

పగబట్టి వెతుక్కుంటూ వచ్చే జ్ఞాపకశక్తి పాముకు లేదు. ముఖ్యంగా భయపడాల్సినవి మన దగ్గర నాలుగు: తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. నాలుగిటి విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది, కాబట్టి పామును పట్టుకుని ఆసుపత్రికి తేవాల్సిన పనిలేదు. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే పాముకాటేమోనని అనుమానించాలి. తాడు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి, మంత్రం కోసం గంటలు పోగొట్టకండి. కరిచిన చేతినో కాలినో కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి.