వెనక చక్రాలకు పని చెప్పాలంటే

పోయిన వానాకాలం మా పొరుగాయన కారు మిర్యాలగూడ పక్కన ఒక కాలువ కట్ట మీద దిగబడింది. ముందు చక్రాలు బురదను చిమ్ముతూ తిరుగుతున్నాయి, వెనక చక్రాలు చోద్యం చూస్తున్నాయి. ట్రాక్టర్ వచ్చి లాగాక ఆయన అడిగింది ఒక్కటే: "ఈ వెనక రెంటికీ పని చెప్పలేమా అన్నా?" ఇంజను నుంచి ఒక షాఫ్ట్‌ను వెనక్కి తెస్తే సరిపోతుందని ఆయన ఊహ. నల్లగొండలో తెలిసిన షెడ్డుకు తీసుకెళ్ళి, కారును పైకెత్తించి అడుగు భాగం చూపించాను.

ముందు చక్రాలతో నడిచే మన చిన్న కార్లలో చాలావాటికి వెనక ఉండేది టార్షన్ బీమ్. చెరో పక్కా ఒక ఆర్మ్. దాని ముందు కొస రబ్బరు బుష్‌తో, అంటే కీలు దగ్గరుండే మెత్తటి గుల్లతో, బాడీకి, వెనక కొస చక్రానికి. రెండు ఆర్మ్‌లనూ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు దూలం. ఈ దూలంలోనే ఉంది తెలివంతా. అది మూసిన గొట్టం కాదు, ఒక పక్క తెరిచిన దోనె.

ఎందుకో తెలియాలంటే బోరు పైపు ముక్క చాలు. మా జిల్లాలో అది దొరకని ఇల్లు తక్కువ. మూరెడు ముక్కను రెండు చేతులతో మెలి తిప్పండి. కదలదు. రంపంతో పొడవునా ఒక్క గాటు పెట్టి మళ్ళీ తిప్పండి. గాటు అంచులు ఒకదాని పక్కన ఒకటి జారుతూ ముక్క మెలి తిరిగిపోతుంది. పోయింది రంపపు పొట్టు మాత్రమే. అయినా 100 మిల్లీమీటర్ల వ్యాసం, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న పైపులో మెలికను అడ్డుకునే బిగువు ఆ ఒక్క గాటుతో 400వ వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. వంపును అడ్డుకునే బలం మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. కారు దూలానికి కావలసింది సరిగ్గా ఇదే: వంగకూడదు, కొంచెం మెలి తిరగాలి. ఎడమ చక్రం గుంతలో పడితే దూలం మెలితిరిగి కుడి చక్రాన్ని దాదాపు నిశ్చింతగా ఉంచుతుంది. మలుపులో కారు ఒరిగితే అదే మెలికకు ఎదురు తిరిగి ఒరుగును తగ్గిస్తుంది. ఇంత చవకగా ఇన్ని పనులు చేసే భాగం కారు కింద ఇంకొకటి ఉందనుకోను. 1974లో వచ్చిన తొలి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌లో కూడా ఉన్నది ఇదే.

చిక్కు కూడా ఈ దూలంతోనే. వెనక చక్రాలను నడపాలంటే వాటి నడుమ డిఫరెన్షియల్ కూర్చోవాలి. మలుపులో బయటి చక్రాన్ని ఎక్కువ, లోపలి చక్రాన్ని తక్కువ తిరగనిచ్చే ఆ ఇనుప గుండు ట్రాక్టర్ ఉన్న ప్రతి రైతుకూ తెలిసిందే. ముందు నుంచి దానికి షాఫ్ట్ రావాలి. దూలం ఉండేది చక్రాల వరుసకు కాస్త ముందు, అంటే షాఫ్ట్ దారికి సరిగ్గా అడ్డంగా. పై నుంచి పోనిస్తే సీటు కింద నేల లేస్తుంది, కింద నుంచి పోనిస్తే నేలకు తగులుతుంది. పైగా దూలం నిలకడగా ఉండేదీ కాదు, చక్రాలతో పాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. సుజుకీ విటారాలో నాలుగు చక్రాలూ నడిచే రకానికి కూడా టార్షన్ బీమ్‌నే ఉంచారు కాబట్టి ఇది అసాధ్యం కాదు. కానీ ఆ కారును మొదటి నుంచీ అందుకోసమే గీసుకున్నారు.

మిగతావాళ్ళు ఈ దూలం లేకుండానే కానిచ్చారు. 1983 నాటి ఫియట్ పాండా 4x4 లో ఎడ్లబండికి మల్లే ఒకే ఇరుసు పెట్టి, లారీల్లోలా కమాన్ కట్టల మీద నిలిపారు. మొండి పద్ధతి, కానీ గట్టిది. డిఫరెన్షియల్ బరువంతా ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి ప్రతి గుంతలోనూ ఆ బరువు చక్రాలతో పాటు ఎగిరిపడుతుంది. 1980లో ఆడి క్వాట్రో ఇంజనీర్లు తమాషా పని చేశారు: ముందు సస్పెన్షన్‌నే వెనకా ముందూ తిప్పి వెనక బిగించారు. అందులో డిఫరెన్షియల్ బాడీని అంటిపెట్టుకుని ఉంటుంది, వంగే జాయింట్ల షాఫ్ట్‌లు చక్రాలను తిప్పుతాయి. టొయోటా అయితే 2020 నాటి జీఆర్ యారిస్ కోసం ముందు సగాన్ని మామూలు యారిస్ నుంచి, వెనక సగాన్ని ఇంకో పెద్ద కారు పునాది నుంచి తెచ్చి కలిపింది. కంపెనీకే కారును నడుమకు చీల్చడం సులువనిపించిందంటే మన షెడ్డులో వెల్డింగ్ మాట ఎత్తకపోవడమే మేలు.

చోటు దొరికినా బలాల లెక్క మారుతుంది. ఎద్దులు లాగే బండిలో చక్రం ఇరుసును వెనక్కి పట్టి లాగుతూ వస్తుంది. ముందు చక్రాల కారుకు వెనక చక్రాలూ అంతే. నడిపించే చక్రం అలా కాదు, ఇరుసును ముందుకు తోస్తుంది. వెనక్కి గుంజే బలాన్ని ఓర్చుకోవడానికి చేసిన రబ్బరు బుష్‌లు ఇప్పుడు ఎదురు దిక్కుకు నలుగుతాయి, చక్రం ముఖం కొద్దిగా పక్కకు తిరుగుతుంది. తడి రోడ్డు మీద ఆ కొద్దే చాలు కారు తోక జాడించడానికి. ఇక చక్రాన్ని బిగించే వెనక హబ్‌లో షాఫ్ట్ దూరడానికి పళ్ళున్న రంధ్రమే ఉండదు. చట్టం సంగతి సరేసరి: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను ఒప్పుకోదు.

మా పొరుగాయన అంతా విని స్టెప్నీ వైపు చూశాడు. "అది తీసేస్తే చోటు వస్తుందిగా?" రెనో కంపెనీ చేసింది దాదాపు అదే. మన దేశంలో 2014లో వచ్చిన నాలుగు చక్రాలూ నడిచే డస్టర్‌లో టార్షన్ బీమ్ పోయి మల్టీలింక్, అంటే ఏ చక్రానికి ఆ చక్రాన్ని విడిగా పట్టే కడ్డీల అమరిక, వచ్చింది, కారు అడుగున వేలాడే స్టెప్నీ డిక్కీలోకి ఎక్కింది. 475 లీటర్ల డిక్కీ 410కి తగ్గింది. ఆ 65 లీటర్లంటే ఎంతో లెక్క కట్టి చెప్పాను: ఇంచుమించు ఒక 40 కిలోల వడ్ల బస్తా పట్టే చోటు. ఆయన వెళ్ళి ముందు టైర్లు రెండూ మార్పించుకున్నాడు.