గంపలో ఒకేలా కనిపించిన రెండు చేపలు

విశాఖపట్నం,
జూలై నెల, వాన పడుతున్న ఒక ఆదివారం

చిన్నూకి, బుజ్జికి, ఆ రోజు మీతో పాటు ఫిషింగ్ హార్బరుకు వచ్చిన మీ స్నేహితులందరికీ,

సంక్రాంతి సెలవుల్లో తెల్లవారుజామున వేలంపాట చూడటానికి వెళ్లాం కదా. గంపలన్నీ చూశాక బుజ్జి ఒక ప్రశ్న వేసింది. "అన్నీ వెండిలాగే ఉన్నాయి తాతయ్యా, ఏది ఏ చేపో నీకెలా తెలుస్తోంది?" అని. "చూస్తే తెలిసిపోతుందమ్మా" అనేశాను. ఇన్నేళ్లు జువాలజీ పాఠాలు చెప్పిన మనిషి ఇవ్వాల్సిన జవాబు కాదది. ఆరు నెలలుగా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

అన్నిటికంటే ముందు, రంగును నమ్మకండి. చేప చచ్చిన కాసేపటికే రంగు మారిపోతుంది, ఐసులో పెడితే ఇంకా పాలిపోతుంది. రెక్కలు, తోక మొదలు, పొట్ట కింది భాగం, ఒంటి పక్కన మొప్ప దగ్గర నుంచి తోక దాకా పోయే సన్నటి గీత అలా మారవు. ఆ గీతను పక్కగీత అనుకుందాం. నీటిలో కదలికల్ని చేప దానితోనే పసిగడుతుంది.

ఆ రోజు చిన్నూ "ఇవన్నీ కానగంతలే" అని చూపించిన గంప గుర్తుందా? అందులో నిజానికి రెండు రకాలున్నాయి. కానగంతకు (కొందరు కనగర్త అంటారు) వీపు మీద రెండో రెక్క అయిపోయాక తోక దాకా చిన్న చిన్న బుల్లి రెక్కలు వరసగా ఉంటాయి. పైన ఐదు, కింద ఐదు. నోరు తెరిచి చూస్తే లోపల ఈకల్లాంటి సన్నటి పుల్లలు కనిపిస్తాయి. నీళ్లలో తేలే బుల్లి బుల్లి జీవాలను, అంటే ప్లవకాలను, అది జల్లెడ పట్టుకునేది వాటితోనే. రెండో రకానికి బుల్లి రెక్కలు పైన ఒకటి, కింద ఒకటి, అంతే. తోక వైపు పక్కగీత మీద వేలు పెట్టి వెనక నుంచి ముందుకు లాగితే గట్టి పొలుసులు రంపంలా గరుకుగా తగులుతాయి. అది పార జాతి చేప. కళ్లు మోసం చేసినా వేలు మోసం చేయదు. వేలంపాట ఆవిడను అడిగి ముట్టుకుని చూడండి, ఏమీ అనదు.

ఈ రెండు చేపల వెనక నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. 1780లలో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు మన ఊళ్లో ఉండేవాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అనే పేరు ఈయన వల్లే వచ్చింది. ఆయన ఇక్కడ ఒడ్డుకు వచ్చిన చేపల్లో రెండు వందల రకాలకు బొమ్మలు, వర్ణనలు తయారుచేశాడు. 1803లో లండన్‌లో అవి రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. లాటిన్ పేర్లు పెట్టే పని పెట్టుకోలేదు. ఇక్కడి వాళ్లు ఏమని పిలుస్తారో విని, ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే రాసుకున్నాడు. తర్వాత ఫ్రాన్సులో క్యువియే అనే గొప్ప శాస్త్రవేత్త ఆ పుస్తకం చూసి, అందులోని పేర్లనే తీసుకుని శాస్త్రీయ నామాలు పెట్టాడు. అందుకే కానగంత ఇవాళ ప్రపంచమంతా రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఎర్ర సముద్రంలో పట్టినా, ఇండోనేషియాలో పట్టినా అదే పేరు. రిబ్బనులా పొడుగ్గా, పొలుసుల్లేకుండా, తోక రెక్క అసలే లేకుండా చివర దారంలా సాగిపోయే సావళ్లున్నాయే, వాటిలో ఒక రకం పేరులోనూ మన 'సవాలా' ఉంది.

మరి గంపలోని రెండో చేప? దాని శాస్త్రీయ నామం డెకాప్టెరస్ రస్సెల్లి. ఒకే గంపలో మన మాట మోసే చేపా, ఆ మాట రాసుకున్న వైద్యుడి పేరు మోసే చేపా పక్కపక్కనే పడుకుని ఉన్నాయన్నమాట.

అన్ని పేర్లకూ ఆ అదృష్టం దక్కలేదు. పులసకు కూడా క్యువియే 1829లో మన మాటతోనే 'పలసా' అని పేరు పెట్టాడు. కానీ అదే చేపకు 1822లోనే గంగ ఒడ్డు నుంచి 'ఇలిషా' అని పేరు పెట్టేశారు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది శాస్త్రవేత్తల నియమం. ఈ సంగతి రాజమండ్రి మావయ్యకు చెప్పకండి, భోజనం మానేస్తాడు.

ఇక మీ అమ్మకు పనికొచ్చే సంగతి. వంజరంలో రకాలున్నాయి. ఒకదానికి పక్కన గుండ్రటి మచ్చలు వరసల్లో ఉంటాయి, పక్కగీత నెమ్మదిగా వంపు తిరుగుతుంది. ఇంకోదానికి నిలువు చారలు, పక్కగీత వీపు మీది రెండో రెక్క అయ్యే చోట ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఇవన్నీ చేప నిండుగా ఉన్నప్పుడే. ముక్కలు కోసి పెట్టాక గుర్తులన్నీ పోతాయి కాబట్టి, నిండు చేపను చూసి, మీ ఎదురుగానే కోయించుకోవాలి.

చందువ విషయంలో నేనే మోసపోయాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు, 61 రోజులు. అలాంటి రోజుల్లో ఒక దుకాణంలో చందువ అంటే నమ్మి రెండు కిలోలు కొన్నాను. మా వీధికి గంప తెచ్చే పెద్దామె సంచిలోకి చూసి పకపకా నవ్వింది. "ఏటి మేస్టారూ, సదూకున్నోరు, పొట్ట కింద సూడరేటి?" అంది. అసలైన తెల్ల చందువకు పొట్ట కింద జత రెక్కలుండవు. నేను తెచ్చిన చేపకు ఉన్నాయి. పైగా వీపు రెక్కకూ తోకకూ మధ్య కండలాంటి బుడిపె రెక్క కూడా ఉంది. అది రూప్‌చంద్, దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువుల్లో పెరుగుతున్న మంచినీటి చేప. తినడానికి బాగానే ఉంటుంది కానీ, చందువ ధర పెట్టి కొనేది కాదు. నల్ల చందువ కూడా పేరుకే చందువ. తోక మొదట్లో తడిమితే గరుకు పొలుసులు తగులుతాయి. అవును, అదీ పార జాతే.

తాజాదనం సంగతి మీ నానమ్మను అడగండి. కన్ను ఉబ్బెత్తుగా మెరవాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ఆవిడ దగ్గర నేనూ ఇంతే నేర్చుకున్నాను.

తెన్నేటి పార్కు కింద రాళ్ల మధ్య గుంటల్లో చేపపిల్లల్ని చూడాలనుకుంటే, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు పెద్దవాళ్లతో వెళ్లండి, చేతులు పెట్టకుండా చూడండి. జెల్లల రెక్క ముల్లు గుచ్చుకుంటే విషం, మంట గంటల తరబడి ఉంటుంది. బంతిలా ఉబ్బే చేప వలలో పడి ఒడ్డున కనిపిస్తే కుక్కకు కూడా వేయకండి. దాని విషం వండినా పోదు.

ఈ కవర్లో దూదిలో చుట్టి రెండు తెల్లటి రాళ్లు పెట్టాను. నిన్నటి పులుసులో గొరక తలలోంచి తీసినవి. చేప ఒరిగిపోకుండా ఈత కొట్టడానికీ, వినడానికీ ఇవే ఆధారం. చేపతో పాటే పొరలు పొరలుగా పెరుగుతాయి. వీటిని కోసి, మైక్రోస్కోపు కింద పొరలు లెక్కపెట్టి చేప వయసు కడతారు. రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ కాదు, ఒకటి కుడి చెవిది, ఒకటి ఎడమ చెవిది. పక్కపక్కన పెట్టి తేడా కనిపెట్టి బొమ్మ గీసి పంపండి. చిన్నూ, నోట్లో పెట్టుకోకు.

మీ తాతయ్య