వెలుగు పెరిగితే ప్రొటీన్ బిగుసుకున్నట్టేనా?

మొన్న మళ్లీ ఒక పీహెచ్‌డీ అమ్మాయి గ్రాఫు పట్టుకుని వచ్చింది. కాల్మోడ్యులిన్ (కణాల్లో కాల్షియంను పట్టుకునే ప్రొటీన్)‌లో కాల్షియం కలిపితే టైరోసిన్ ఫ్లోరసెన్స్, అంటే అందులోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం కాంతి పీల్చి తిరిగి ఇచ్చే వెలుగు, బాగా పెరిగింది. కింద రాసుకున్న మాట: "కాల్షియం వల్ల ప్రొటీన్ బిగుసుకుంది." అంటే దాని కదలిక తగ్గిందని. ఈ వాక్యం ఇప్పటికి ఎన్ని థీసిస్‌లలో కొట్టేశానో.

ఎంత వెలుగు వస్తోందన్నది కదలికకు కొలత కాదు. టైరోసిన్ చుట్టూ ఏముంది, దాని వెలుగును ఆర్పే గ్రూపు దూరం జరిగిందా అన్నదే అది చెప్పేది. పైగా క్షీరదాల కాల్మోడ్యులిన్‌లో, బాగా వెలిగే మరో అమైనో ఆమ్లం ట్రిప్టోఫాన్ లేనే లేదు. ఉన్న రెండు టైరోసిన్లూ 99, 138 స్థానాల్లో, అంటే సీ-టెర్మినల్ సగంలోనే (గొలుసు చివరి సగం) ఉన్నాయి. అసలు వంగే చోటు మధ్యలో, 78-81 దగ్గర. అక్కడి కబురు ఈ టైరోసిన్లకు ఎలా తెలుస్తుంది? 1985 నాటి క్రిస్టల్ నిర్మాణంలో ఆ మధ్యభాగం పొడవాటి హెలిక్స్‌గా (స్ప్రింగులా చుట్టుకున్న ఆకారం) కనిపించింది. ద్రావణంలో అది వదులుగా ఉంటుందని 1992లో ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణువులను చూసే పద్ధతి) తేల్చింది. అయినా క్రిస్టల్ బొమ్మ చూసి గట్టి కడ్డీ అనుకునేవాళ్లు తగ్గలేదు.

"అయితే అనైసోట్రోపీ తీస్తాను మేడమ్" అంది. వెలుగు ఇచ్చేలోపు అణువు ఎంత తిరిగిందో చెప్పే కొలత అది; ఎక్కువ తిరిగితే విలువ తగ్గుతుంది. తియ్యి, కానీ లైఫ్‌టైమ్ (కాంతి పీల్చాక వెలుగు ఇవ్వడానికి సగటున పట్టే కాలం) కూడా తియ్యి అన్నాను. కాగితం మీద లెక్క వేశాం. అణువు ఇంకా తిరగకముందు అనైసోట్రోపీ 0.24, అణువు తిరిగే కాలం 6 నానోసెకన్లు అనుకుందాం. లైఫ్‌టైమ్ 3 నానోసెకన్లయితే అనైసోట్రోపీ 0.16. లైఫ్‌టైమ్ 6 అయితే 0.12. కదలిక కొంచెం కూడా మారలేదు, విలువ మాత్రం పడిపోయింది! వీలుంటే అనైసోట్రోపీ కాలంతో ఎలా తగ్గుతోందో కొలవండి. లోపలి చిన్న కదలికలు, మొత్తం అణువు దొర్లడం అప్పుడే విడివిడిగా తెలుస్తాయి. మధ్యభాగం కోసమైతే రెండు వైపులా రెండు డైలు (వెలిగే రంగులు) తగిలించి ఫ్రెట్ చేయాలి, అంటే ఒకదాని నుంచి మరోదానికి శక్తి ఎంత వెళ్తోందో చూసి వాటి మధ్య దూరం తెలుసుకోవాలి.

అక్రిలమైడ్ కలిపి వెలుగు ఎంత ఆరుతుందో చూసే అక్రిలమైడ్ క్వెంచింగ్ కూడా మంచి పద్ధతే. కాకపోతే మనం వేసే అతినీలలోహిత కాంతిని అక్రిలమైడ్ కూడా కొంత పీలుస్తుంది, ఆ దిద్దుబాటు మరవొద్దు.

ఇక "నేను కాల్షియం కలపలేదు, కాబట్టి లేదు" అనే మాట. నీళ్లలో, గాజు సామానులో కాల్షియం మైక్రోమోలార్ లెక్కన, అంటే అతి కొద్దిగా, ముందే ఉంటుంది. కాల్మోడ్యులిన్‌కి అది చాలు. నేను కొత్తలో మూడు వారాలు, కాల్షియం కలిపినా ప్రొటీన్ నుంచి స్పందన రాక, ప్రొటీన్ పాడైందనే టెన్షన్‌తో నిద్రపోలేదు. ప్లాస్టిక్ ట్యూబుల్లోకి మార్చి, ముందే ఉన్న కాల్షియంను పట్టేసే ఈజీటీఏ వేయగానే కర్వ్ వచ్చింది. మీ ప్రొటీన్ స్పందించకపోతే భయపడకండి, ముందు ఇది చూడండి.

ఆ అమ్మాయి గ్రాఫు కింద ఇప్పుడు ఇలా ఉంది: "కాల్షియం చేరాక సీ-టెర్మినల్ టైరోసిన్ల పరిసరం మారింది."